పడవకు మేడి పెట్టించిన శనివారం

చుక్కాని కర్ర విరగ్గొట్టింది నేనే, ముందే ఒప్పుకుంటున్నాను. పోయిన ఆదివారం ఒడ్డు నుంచి పడవలోకి ఎక్కుతూ ఆసరాకని దాని మీద చెయ్యి వేసి ఒరిగినాను. టపీమని విరిగింది. నా ఒళ్ళు గురించి జోకులు వేసేవాళ్ళు ఇక్కడే ఆగండి, బోల్టు పట్టే చోట కర్ర లోపల ఎప్పుడో పుచ్చిపోయి ఉంది. రెండేళ్ళుగా వార్నిష్ పుయ్యకపోవడం మాత్రం అచ్చంగా నా బద్ధకమే. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పడవ వెనక నీళ్ళలో దిగి ఉండే పలక పేరు చుక్కాని. దాన్ని అటూ ఇటూ తిప్పడానికి పడవలోకి చాచుకుని ఉండే మూడడుగుల కర్రే చుక్కాని కర్ర. అది లేకపోతే తెరచాప ఎంత బాగున్నా లాభం లేదు, గాలి ఎటు తోస్తే పడవ అటే పోతుంది.

కర్నూలు టీచరుకు తెరచాప పడవేమిటని అడగని మనిషి లేడు. పడవ మా అన్న దేవదానానిది. అన్న నేవీలో పదిహేనేళ్ళు చేసి, తిరిగొచ్చి కమలాపురంలో నాలుగెకరాల చేను చూసుకుంటున్నాడు. ఐదేళ్ళ కింద హైదరాబాదులో ఎవరో పక్కన పడేసిన పన్నెండడుగుల ఫైబర్ పడవను కొని, బొలెరో వెనక కట్టుకుని తెచ్చినాడు. నందికొట్కూరు అవతల శ్రీశైలం బ్యాక్‌వాటర్ ఒడ్డున పెట్టినాడు. మూడు చలికాలాలు నాకు పడవ నడపడం నేర్పినాడు, తిట్టి తిట్టి నేర్పినాడు. పోయిన వేసవిలో అన్నకు పక్షవాతం వచ్చింది. నడక తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది, కుడిచేతి వేళ్ళు మాత్రం సగం ముడుచుకుని అట్లే ఉండిపోయినాయి. బిగించలేడు, చాచలేడు. ఈ పడవలో దారి మలిపినప్పుడల్లా కూర్చునే పక్క మారాలి, కర్ర పట్టే చెయ్యి మారాలి. అందుకని ఇక తనకు కుదరదని తనే తేల్చేసుకుని, "నువ్వే ఏలుకో పో" అని పడవ నా మీదికి తోసినాడు. అప్పటి నుంచి ఒక్కసారి కూడా ఒడ్డుకు రాలేదు.

ఈ ప్రయాణం ఎందుకు మొదలైందంటే, హైదరాబాదు నుంచి ఒకాయన పడవ కొంటానని ఫోన్ చేసినాడు. సోమవారం మాట చెబుతానని అన్న ఆయనకు చెప్పినాడు. శుక్రవారం డాక్టరుకు చెయ్యి చూపించుకునేందుకు కర్నూలు వచ్చి రాత్రి మా ఇంట్లో పడుకున్నప్పుడు ఈ సంగతి నాకు తెలిసింది. "ఒకసారి చూసి పోతా. ఒడ్డున కూర్చుంటా, పడవెక్కమని మాత్రం అడగొద్దు" అన్నాడు. మర్నాడు రెండో శనివారం, నాకు బడి లేదు. మనిషిని ఎట్లాగైనా నీళ్ళ మీదికి తీసుకుపోతే అమ్మే మాట మర్చిపోతాడని నా ఆశ. కానీ పడవకు చుక్కాని కర్రే లేదు. వెల్డింగ్ షాపాయన ఇనప పైపు పెట్టిస్తానన్నాడు గానీ, తుప్పు పట్టే పైపును పట్టుకుని నేను నీళ్ళ మీదికి పోను. కాబట్టి పొద్దున కర్ర చేయించాలి, మధ్యాహ్నం బిగించాలి, సాయంత్రం లోపల అన్నను ఎక్కించాలి. ఒక్కటే రోజు.

ఆరుంబావుకు కర్నూలు బస్టాండులో నందికొట్కూరు పల్లెవెలుగు ఎక్కినాం. ఆడవాళ్ళకు ఇప్పుడు ఛార్జీ లేదు, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ కొడతారు. అన్న మాత్రం యాభై రూపాయల దాకా పెట్టుకోవాల్సి వచ్చింది, దారంతా ఆ టికెట్‌ను తిప్పి తిప్పి చూసుకుంటూ నన్ను చూసినాడు. ప్రయాణం గంటలోపే. కిటికీ పక్కన కూర్చుంటే రెండు వైపులా మొక్కజొన్న, మిరప, అక్కడక్కడా కోతకొచ్చిన శెనగ కనబడతాయి. విరిగిన కర్ర రెండు ముక్కలూ గోనెసంచిలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. కండక్టర్ దాన్ని చూసి "ఏందక్కా, పాముల పట్టే కట్టెనా?" అన్నాడు. అన్న నవ్వినాడు. మా ఇంటికొచ్చినాక అదే మొదటిసారి నవ్వడం అనుకుంటాను.

నందికొట్కూరులో దిగితే ముందు ఉగ్గాని, బజ్జి తినండి. బస్టాండు ఎదురు సందులో ఒక పెద్దమ్మ పెట్టుకున్న బండి ఉంది, ప్లేటు నలభై, ఎనిమిదిన్నర దాటితే మిరపకాయ బజ్జీలు అయిపోతాయి. అన్న ఎడమచేత్తో తింటున్నాడు. పెద్దమ్మ చూసి, ఏమీ అడక్కుండా స్పూను తెచ్చి ప్లేటులో వేసి పోయింది. అన్న ఆ స్పూను పక్కన పెట్టి చేత్తోనే తిన్నాడు. ఆయన పంతం అట్లాంటిది, అమ్మ పోలిక.

బ్రహ్మయ్య ఆచారి కొట్టం పాత మార్కెట్ దగ్గర. ఒకప్పుడు చుట్టుపక్కల పల్లెలన్నిటికీ నాగళ్ళు, బండ్లు చేసిన మనిషి, ఇప్పుడు తలుపులు, మంచాలు, పారలకు కామలు, అంటే పట్టుకునే కర్రలు, చేస్తున్నాడు. ఎనిమిదింటికి కొట్టం తెరుస్తున్నప్పుడే పట్టుకున్నాం. నేను ముక్కలు చూపించినాను. ఆయన విరిగిన చోట గోరుతో గీకి చూసినాడు.

"ఇదేందమ్మా, పార కామనా?"

"పడవది ఆచారీ. దీన్ని పట్టుకుని పడవను తిప్పుతాం."

"పడవంటే తెడ్డు గదా ఉండేది?"

"మాది గాలికి పోయే పడవ. వెనక నీళ్ళలో ఒక పలక ఉంటుంది. ఈ కర్ర దాని నెత్తిన బిగుస్తుంది. దీన్ని ఎట్లా తిప్పితే పడవ అట్లా పోతుంది."

ఆచారి ముఖం వెలిగింది. "అట్ల సెప్పు. మేడి!"

నాగలికి రైతు పట్టుకునే కర్రను మేడి అంటారు. పూర్తిగా అట్లాంటిదేం కాదు గానీ, నాకు గడియారం మీదే ధ్యాస. "మేడే అనుకో ఆచారీ, పన్నెండింటికల్లా చేతికి ఇయ్యి" అన్నాను. నోరు తొందరపడితే ఏమవుతుందో కాసేపట్లో తెలిసింది.

ఆయన వెంటనే పనిలోకి దిగలేదు. కొట్టం వెనక్కి పోయి, దుమ్ము పట్టిన పాత బండి నొగ ముక్క ఒకటి తెచ్చినాడు. నొగ అంటే ఎద్దులకూ బండికీ మధ్య పోయే పొడవాటి దూలం. నల్లతుమ్మది, ఇరవై ఏళ్ళు ఎండకు ఎండింది. మా పాత కర్రలో ఉండే వంపును పలకలోంచి రంపంతో కోసినారని, అట్లా కోస్తే కర్రలోని ఈనె, అంటే పొడుగునా పోయే నార, తెగి అక్కడే విరుగుతుందని చెప్పినాడు. ఈ నొగ పుట్టుకతోనే వంగి ఉంది, ఈనె కూడా దానితోపాటే వంగి పోయింది. "ఇది ఇరగదు. నువ్వు దీని మీద కూచున్యా ఇరగదు" అన్నాడు. ఊరు ఊరంతా నా బరువు మీదే పడింది!

తర్వాత అడిగినాడు: "పట్టేదెవరు?"

"నేనే" అన్నాను.

"అయితే సెయ్యి సూపియ్యి. సెయ్యి సూడకుండా మేడి సేసేది నాకు రాదు. లావైతే పట్టు జారతాది, సన్నమైతే బొబ్బలొస్తాయి." ఒక గుండ్రటి కట్టె ఇచ్చి పట్టుకోమన్నాడు, నా వేలి కొసలు అరచేతికి ఎంత దూరంలో ఆగినాయో చూసి బొగ్గుతో గీత పెట్టుకున్నాడు. అన్న గడప దగ్గర నిలబడి రోడ్డు మీద పోయే ట్రాక్టర్లను చూస్తున్నాడు. తర్వాత ఎదురుగా టీ అంగడి బెంచీ మీద కూర్చున్నాడు.

బాడిసె దెబ్బలు మొదలైనాక నేను బోల్టు, వార్నిష్ కోసం పోయినాను. స్టీలు బోల్టు, నట్టు, రెండు వాషర్లు డెబ్భై రూపాయలు. మామూలు ఇనుముది ఇరవైకే వస్తుంది, కొనొద్దు, ఒక్క వానాకాలానికే పట్టేస్తుంది. సరైన సైజు దొరికేసరికి మూడు అంగళ్ళు తిరగాల్సి వచ్చింది. పదకొండున్నరకు తిరిగొచ్చి చూద్దును గదా, కర్ర నున్నగా చిత్రిక పట్టి, నల్లగా నిగనిగలాడుతోంది. వంపు అద్భుతం. కానీ కొసన, చెయ్యి పట్టే చోట, నిటారుగా జానెడు పుల్ల ఒకటి నిలబడి ఉంది!

"ఇదేంది ఆచారీ?"

"పిడి."

"దీనికి పిడి ఉండదు! నున్నగా ఉండాలి, తెరచాప తాడు దీనికి తగులుకుంటుంది!"

"మేడి అంటివి. మేడికి పిడి లేకుంటే అది మేడి యాడయితాది, కట్టె అయితాది." ఆయన గొంతులో నిజంగానే నొప్పి ఉంది. "నలభై ఏండ్లుగా సేస్తాండా, పిడి లేని మేడి ఒగడు కూడా అడగల్యా."

తప్పు నాదేనని తెలిసినా కోపం ఆగలేదు. దాన్ని అన్న మీదికి తిప్పినాను. "ఎదురుగానే కూర్చున్నావు గదా, చూస్తూ ఊరుకున్నావా? నీకు తెలీదా పిడి ఉండదని?"

"పడవ నాదా మే?" అన్నాడు అన్న, టీ గ్లాసు కింద పెట్టి. "పట్టేది నువ్వంటివి. నువ్వే ఏదో సెప్పింటావనుకున్న్యా."

పిడిని కోసేయమని ఆచారిని అడిగినాను. పిడిని కర్ర అడుగుదాకా దించి, కింద చీల కొట్టి బిగించినాడట. పైన కోస్తే గరుకు మొద్దు మిగులుతుంది, పెరికితే చెయ్యి పట్టే చోటే చిల్లి పడుతుంది. "పెరుక్కోవాలంటే నువ్వు పెరుక్కో, నా సేత్తో పెరకను" అన్నాడు. ఇంకో కర్ర చేయాలంటే రేపటి మాట. ఏడువందలు చేతిలో పెట్టి, పిడితోనే తీసుకున్నాను. వార్నిష్ ఆరదు గాబట్టి, ఆయన ఆముదం రుద్ది ఇచ్చినాడు.

బ్యాక్‌వాటర్ ఒడ్డుకు బస్సులు తక్కువ. మస్తాన్ అనే ఆటో డ్రైవర్‌ను పోనూ రానూ, నిలబడినందుకూ కలిపి తొమ్మిదివందలకు మాట్లాడుకున్నాం. ముప్పావుగంట దారి, ఆఖరి మూడు కిలోమీటర్లు మట్టి రోడ్డు, వాన పడిన మర్నాడు పోకండి. నేను దారిపొడుగునా ఆచారిని తిడుతూనే ఉన్నాను. మస్తాన్ అద్దంలో చూసి "ఫికర్ జేయొద్దక్కా, పిడి ఉంటే ఏమయితాది, సంచీ తగిలించుకోవచ్చు" అన్నాడు. అన్న పకపకా నవ్వినాడు. ఇద్దరూ ఒకటైపోయినారు.

ఒడ్డు చేరేసరికి ఒంటిగంటా ముప్పావు. ఈ రోజుల్లో నీళ్ళు నిండుగా ఉంటాయి, అవతలి గట్టు మీద నల్లమల కొండలు నీలంగా కనబడతాయి. ఇక్కడ టికెట్ కౌంటర్లు, బోటు షికార్లు ఏమీ లేవు. పడవ సొంతదై ఉండాలి, ఊళ్ళో పెద్దలకు, నీటిపారుదల ఆఫీసులో చెప్పి ఉండాలి. పుట్టి, అంటే గుండ్రటి తట్ట పడవ, వేసుకుని చేపలు పట్టే ఎల్లప్ప మా పడవను తన ఇంటి పక్కన బోర్లించి కాపాడుతున్నాడు. ఎల్లప్ప, మస్తాన్, నేను కలిసి దాన్ని నీళ్ళలోకి దించినాం. బోల్టు రంధ్రం కొంచెం బిగుతుగా ఉంటే ఆకురాయితో రాసినాను. కర్ర సరిగ్గా కూర్చుంది. పిడి మాత్రం పడవ మధ్యలో వేలు చూపించినట్టు నిలబడింది.

అన్న చెప్పినట్టే ఒడ్డున కూర్చున్నాడు. కూర్చున్నాడు గానీ ఊరుకోలేదు. "ఆ తాడు యాడ కడతాండావు? లోపలి నుంచి తియ్యి. అట్ల కాదు మే, అట్ల కాదు." పది నిమిషాలు ఓర్చుకుని చెప్పినాను, గాలి తూర్పు నుంచి బలంగా ఉంది, పడవ ఒరగకుండా ఇంకో మనిషి బరువు కావాలి అని. సగం అబద్ధమే.

"బరువుకేనా?" అన్నాడు.

"బరువుకే. ఏమీ పట్టుకోవద్దు, కూర్చో."

ఎల్లప్ప భుజం పట్టి ఎక్కించినాడు, నేను లైఫ్ జాకెట్ బకిల్స్ బిగించినాను. ఆ బకిల్స్ తను పెట్టుకోలేడని ఆయన ముఖం అటు తిప్పుకున్నాడు. అన్నను బలవంతపెట్టి తప్పు చేస్తున్నానేమో అని మొదటిసారి భయం వేసింది.

నీళ్ళ మీదికి పోయినాం. తెరచాప నిండింది, పడవ పరుగు అందుకుంది. మలిపిన మొదటిసారే తాడు పోయి పిడికి చుట్టుకుంది, విప్పుకుంటూ ఆచారిని పేరు పెట్టి తలుచుకున్నాను. రెండోసారి మలిపి కుదురుకున్నాం. అన్న ఎడమ అంచు మీద వెనగ్గా ఉన్నాడు, నేను ఆయన ముందు. అప్పుడు గాలి ఒక్కసారిగా పెరిగింది. తెరచాప తాడు వదులు చేద్దామంటే కప్పీలో ముడి పడి ఇరుక్కుపోయింది. పడవ ఒరుగుతోంది, అంచు నీళ్ళకు తగులుతోంది. ముడి విప్పడానికి నాకు రెండు చేతులూ కావాలి. మూడేళ్ళుగా అలవాటైన నోరు, ఆలోచించకుండా అరిచింది: "అన్నా, పట్టుకో!"

కర్ర వదిలేసి కప్పీ మీద పడినాను. వేళ్ళతో, పళ్ళతో పీకి ముడి విప్పినాను. తాడు జారింది, తెరచాప గాలి వదిలింది, పడవ మెల్లగా నిటారైంది. అప్పుడు గుర్తొచ్చి వెనక్కి తిరిగినాను. అన్న కుడిచెయ్యి కర్ర మీద ఉంది. సగం ముడుచుకున్న ఆ వేళ్ళ నడుమ పిడి ఇరుక్కుని కూర్చుంది. వేళ్ళు బిగించాల్సిన పని లేదు, జారిపోయే దారి లేదు, భుజంలో ఉన్న బలమంతా నేరుగా కర్రలోకి పోతోంది. ముడి నేను విప్పకముందే పడవ మూతిని ఆయన గాలికి ఎదురు తిప్పేసినాడు, మేం బోల్తా పడకుండా ఉన్నది అందుకే.

ఆయన కూడా తన చెయ్యినే చూసుకుంటున్నాడు. కర్రను కొంచెం తోసినాడు. పడవ తిరిగింది. దగ్గరికి లాక్కున్నాడు. ఇటు తిరిగింది. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉంటే కసిరినాడు.

"ఏం సూస్తాండావు మే? తాడు నీ అమ్మమొగుడు లాగుతాడా? లాగు!"

ఏడుపొచ్చింది నాకు. దాచుకోలేదు, ముక్కు చీదుకుంటూనే తాడు లాగినాను. ఆ తర్వాత రెండు గంటలు ఆయన కర్ర వదల్లేదు. అటు పక్కకు మారినప్పుడు ఎడమచెయ్యి, ఇటు మారినప్పుడు కుడిచెయ్యి. తిట్లు మాత్రం రెండు పక్కలా ఒకటే. ఐదింటికి ఒడ్డుకు తెచ్చి ఇసకలోకి నెమ్మదిగా ఎక్కించినాడు. పుట్టి దగ్గర నిలబడిన ఎల్లప్ప "ఏమప్పా, ఆరోగ్యం బాగయిందా?" అని అడిగితే, "ఆరోగ్యం కాదప్పా, పిడి రెండు వేళ్ళంత ముందుకుండాల్సింది, శానా లావు కూడా ఉండాది" అని జవాబిచ్చినాడు. హైదరాబాదాయనకు మస్తాన్ ఆటోలోంచే ఫోన్ చేసి, పడవ లేదు అని ఒక్క మాట చెప్పి పెట్టేసినాడు.

ఇంటికొచ్చినాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. "పట్టేదెవరు?" అని ఆచారి అడిగినప్పుడు నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అన్న నా వెనకే, గడపలో నిలబడి ఉన్నాడు. ఆయన తన మీద ఆశ వదులుకున్నాడని ఏడాదిగా అందరికీ చెప్పుకుని బాధపడుతున్నదాన్ని, నేనూ ఎప్పుడో వదిలేసినానని నాకు ఆ కొట్టంలోనే తెలిసి ఉండాల్సింది. ఆయనకు తెలిసింది, అందుకే టీ అంగడికి పోయి కూర్చున్నాడు. సిగ్గుగా ఉంది, రాస్తున్నా కూడా సిగ్గుగానే ఉంది. ఆచారి పొరపాటు చేయకపోయి ఉంటే, నేను అడిగిన నున్నటి కర్రే ఇచ్చి ఉంటే, సోమవారం పడవ పోయేది.

ఇట్లాంటి పనికి పోయేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. విరిగిన కర్రతోపాటు చుక్కాని కూడా ఊడదీసుకుని పోతే రంధ్రం కొలత తప్పదు, అది ఎవరైనా చెబుతారు. దానికన్నా ముందు, ఆ కర్ర పట్టుకోవాల్సిన మనిషిని కొట్టం లోపలికి తీసుకుపోయి ఆచారి ముందు నిలబెట్టండి. రానంటే రెక్క పట్టి లాక్కుపోండి. నేను ఆ పని చేయనందుకు ఇప్పుడు అదే కర్రకు ఇంకో పిడి చేయించాల్సి వస్తోంది, ఈసారి కొలత అన్న చేతిది.